పరదేశపు అనాథాశ్రమం: తలుపు ఎటు తెరుచుకోవాలి?

మనవాళ్ళలో ఒక కోరిక తరచుగా వినబడుతుంది. పిల్లలు స్థిరపడి, ఇంటి అప్పు తీరి, చేతిలో కాస్త తీరికా కాస్త డబ్బూ మిగిలిన తరువాత "ఒక అనాథాశ్రమం పెట్టి ఆ పిల్లల మధ్య శేషజీవితం గడిపేయాలని ఉందండీ" అంటారు. ఆ మాట అనేటప్పుడు వారి ముఖంలో కనబడే వెలుగులో నటన ఉండదు. పూర్వం ఈ ఆశ్రమం సొంత ఊరి పొలిమేరలో ఎక్కడో ఉండేది. ఇప్పుడు మన తెలుగువాళ్ళు అమెరికాలో, ఆస్ట్రేలియాలో, గల్ఫులో సంపాదించి, తమది కాని మూడో దేశంలో కూడా ధర్మకార్యాలు చేయగల స్థితికి వచ్చారు. నేపాల్లోనో కాంబోడియాలోనో కెన్యాలోనో ఒక శరణాలయానికి నెలనెలా చందా పంపేవారూ, సెలవులలో పిల్లలను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళి రెండు వారాలు "సేవ" చేసి వచ్చేవారూ మన పరిచయస్తులలోనే కనబడుతున్నారు.

ఇచ్చే చేతిని వెక్కిరించటం సులువు. దానివల్ల ఒక్క పిల్లవాడి కడుపూ నిండదు. కాబట్టి ఆ పని పెట్టుకోను. నా అభిప్రాయం మాత్రం ముందే చెప్పేస్తాను. పరదేశంలో పిల్లల శరణాలయం నడపటమంటే, అందులో ఉన్న పిల్లలను ఒక్కొక్కరినే బయటికి, వాళ్ళవాళ్ళ ఇళ్ళకు చేర్చటం. ఆ పని చేయని ఆశ్రమం, ఎంత శుభ్రంగా ఉన్నా, ఎంత ప్రేమగా నడిచినా, తన అసలు పని మానేసినట్టే. ఇది కటువుగా తోచవచ్చు. ఎందుకంటున్నానో వివరిస్తాను, ఓపికగా చదవండి.

*

ముందు మాట సంగతి చూద్దాం. అనాథ అంటే నాథుడు లేనివాడు, దిక్కులేనివాడు. మన వాడుకలో ఆ మాట వినగానే అమ్మా నాన్నా ఇద్దరూ పోయిన పిల్లవాడే మనసులో మెదులుతాడు. ఐక్యరాజ్యసమితి బాలల సంస్థ యూనిసెఫ్ లెక్క వేరు. తల్లిదండ్రులలో ఏ ఒక్కరు పోయినా ఆ లెక్కలో అనాథే. ఆ లెక్క ప్రకారం 2015లో ప్రపంచంలో అనాథలు దాదాపు 14 కోట్లు. అందులో ఇద్దరినీ పోగొట్టుకున్నవారు సుమారు కోటిన్నర. అంటే పదిమందిలో తొమ్మిదిమందికి తల్లో తండ్రో బ్రతికే ఉన్నారు. మిగిలిన ఒక్కరిలో కూడా అమ్మమ్మలూ, తాతలూ, మేనమామలూ, పిన్నులూ ఉన్నవారే ఎక్కువ. చందాల కోసం అచ్చువేసే కరపత్రాలలో మాత్రం 14 కోట్లు అన్న పెద్ద అంకె కనబడుతుంది, దాని వెనక ఉన్న వివరం కనబడదు. చదివేవాడు 14 కోట్ల మంది పిల్లలు దిక్కులేక వీధిలో నిలబడి ఉన్నారనుకుంటాడు. గుండె ఉన్నవాడెవడైనా అలాగే అనుకుంటాడు.

మన పురాణాలలో కన్నవారు విడిచిన పిల్లలు, కన్నవారెవరో తెలియని పిల్లలు తక్కువేమీ కాదు. మేనక వదిలివెళితే పక్షులు కాపాడిన శకుంతలను కణ్వుడు కూతురిగా పెంచాడు. నాగేటి చాలులో దొరికిన సీతను జనకుడు పెంచాడు. నీటిలో కొట్టుకువచ్చిన కర్ణుణ్ణి రాధ పెంచింది. తన పుట్టుక రహస్యం కృష్ణుడి నోటనే విన్న తరువాత కూడా కర్ణుడు రాధేయుడిగానే ఉండిపోయాడు. వీరిలో ఒక్కరూ సత్రంలో పెరగలేదు. "ఆశ్రమం" అన్న మాటను మనం కణ్వుడి దగ్గరనుంచే తెచ్చుకున్నాం గాని, కణ్వుడు అక్కడ నడిపింది శరణాలయం కాదు. అది ఆయన ఇల్లు. శకుంతల ఆయన కూతురు. దిక్కులేని పిల్లకు కావలసింది ఒక మనిషి అని, ఆ మనిషి ఉన్న ఇల్లు అని మనవాళ్ళకు ఏనాడో తెలుసు. భవనం కట్టటం మనం తరువాత నేర్చుకున్న విద్య.

*

ఇక నేపాల్ సంగతి. మనకు పొరుగుదేశం, వీసా అక్కరలేని దేశం, అందువల్ల మనవాళ్ళ దానధర్మాలు సులువుగా చేరే దేశం.

1996 నుంచి 2006 వరకు అక్కడ మావోయిస్టుల అంతర్యుద్ధం నడిచింది. వాయవ్యమూలన, టిబెట్టు సరిహద్దున హుమ్లా అనే జిల్లా ఉంది. కొండదారులలో రోజుల తరబడి నడిస్తే తప్ప చేరలేని ఊళ్ళు. ఇంటికొక పిల్లవాణ్ణి దళంలోకి పంపమని తిరుగుబాటుదారులు అడుగుతున్న రోజులవి. అటువంటి ఊళ్ళకు దళారులు వెళ్ళారు. "మీ పిల్లవాణ్ణి కాఠ్మండూ తీసుకువెళ్ళి మంచి బడిలో చదివిస్తాం, యుద్ధం నుంచి తప్పిస్తాం" అన్నారు. తల్లిదండ్రులు ఉన్న కాస్త పొలమూ అమ్మో, అప్పు చేసో ఆ దళారుల చేతిలో డబ్బు పోసి మరీ పిల్లలను అప్పగించారు. కాఠ్మండూలో ఆ పిల్లలకు కొత్త కాగితాలు పుట్టాయి. ఆ కాగితాలలో అమ్మా నాన్నా చనిపోయారు. బ్రతికున్న తల్లిదండ్రులకు మరణ ధ్రువపత్రాలు తయారయ్యాయి. ఈ పిల్లలను "కాగితపు అనాథలు" అంటున్నారు.

2004లో కానర్ గ్రెన్నన్ అనే అమెరికన్ యువకుడు కాఠ్మండూకు దక్షిణాన గోదావరి అనే పల్లెలోని పిల్లల ఇంటికి సేవకుడిగా వచ్చాడు. (మన నది పేరే. ఆ పల్లె పేరు చదివినప్పుడు మనసు ఒక్క క్షణం ఆగుతుంది.) అనాథలనుకుని ముద్దుచేసిన పిల్లలకు ఇళ్ళున్నాయనీ, అమ్మలున్నారనీ అక్కడే ఆయనకు తెలిసింది. ఆ తరువాత ఆయన చేసిన పని ఇక్కడ ముఖ్యం. ఇంకో భవనం కట్టి ఊరుకోలేదు. 2006లో నెక్స్ట్ జెనరేషన్ నేపాల్ అనే సంస్థను స్థాపించి, పిల్లల ఫొటోలు పట్టుకుని హుమ్లా కొండలెక్కి, ఒక్కొక్క ఊరే తిరిగి, ఒక్కొక్క తల్లినే వెతికాడు. నా దృష్టిలో పరదేశి చేయదగిన పని అది.

ఆ సంస్థే 2014లో వెలువరించిన నివేదికలో ఒక విషయం ఉంది. అప్పటికి నేపాల్లో ఉన్న 75 జిల్లాలలో, పిల్లల శరణాలయాలలో సుమారు 90 శాతం కేవలం ఐదు జిల్లాలలో ఉన్నాయి. కాఠ్మండూ, లలిత్‌పూర్, భక్తపూర్, పోఖరా ఉన్న కాస్కి, అభయారణ్యం ఉన్న చిత్వన్. ఆ ఐదూ యాత్రికులు తిరిగే జిల్లాలు. యుద్ధంలో చనిపోయినవారు ఆ ఐదు జిల్లాలకే పరిమితమా? పేదరికం ఆ ఐదింటిలోనే ఉందా? అసలు కటిక పేదరికం ఉన్నది హుమ్లాలో, దాని చుట్టుపక్కల కొండలలో. శరణాలయాలు పిల్లలున్న చోట వెలియలేదు, విమానం దిగిన దాత టాక్సీలో వెళ్ళగల చోట వెలిశాయి. ఈ ఒక్క లెక్క చూశాక ఇంకేమైనా చెప్పాలా అనిపిస్తుంది నాకు.

2015 ఏప్రిల్ 25న భూకంపం వచ్చి దాదాపు 9,000 మంది చనిపోయినప్పుడు, శరణాలయాలకు దానాలు పంపాలన్న ఉత్సాహం ప్రపంచమంతా పొంగింది. నేపాల్ ప్రభుత్వం అప్పుడు చేసిన పనులు గమనించండి. తల్లిదండ్రులో, అధికారికంగా ఒప్పుకున్న సంరక్షకులో తోడు లేకుండా పిల్లలు జిల్లాలు దాటకూడదంది. కొత్త శరణాలయాల నమోదు ఆపింది. విదేశీ దత్తతలు ఆపింది. పిల్లలు దిక్కులేనివారవుతున్న సమయంలో శరణాలయాలు వద్దనటం పైకి క్రూరంగా కనబడుతుంది. దళారులు దానానికంటే వేగంగా ప్రయాణిస్తారని ఆ ప్రభుత్వానికి అనుభవం మీద తెలుసు.

*

కాంబోడియాలోనూ కథ ఇదే, అంకెలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. పోల్ పాట్ పాలన 1979లో కూలింది. ఆ మారణహోమంలో నిజంగా అనాథలైన పిల్లలు 2005 నాటికి పాతికేళ్ళు దాటిన పెద్దలు. దేశంలో అనాథల సంఖ్య తగ్గవలసిన కాలమది. అటువంటి కాలంలో అనాథాశ్రమాల సంఖ్య 2005లో 154 ఉండగా 2010కి 269 అయింది. వాటిలో ప్రభుత్వం నడిపేవి 21 మాత్రమే. మిగిలినవన్నీ దాతల మీద, అందులోనూ ఎక్కువగా విదేశీ దాతల మీద నడిచేవి. ఉన్న పిల్లలు దాదాపు 12,000 మంది, వారిలో నలుగురికి ముగ్గురు చొప్పున తల్లో తండ్రో ఉన్నవారు. ఆంగ్‌కోర్ ఆలయాలు చూడవచ్చిన యాత్రికులకోసం పిల్లలచేత సాయంత్రంపూట నృత్యాలు చేయించిన ఆశ్రమాలున్నాయి. పిల్లలు యాత్రాస్థలాలు కారు అని 2011లో అక్కడ ప్రత్యేకంగా ప్రచారం చేయవలసి వచ్చింది.

ఈ తల్లిదండ్రులు పిల్లలను ఎందుకు పంపారని అడిగితే వచ్చే సమాధానం దాదాపు అన్నిచోట్లా ఒకటే: చదువుకోసం. ఇది మనకు పరాయి విషయమా? మన సాంఘిక సంక్షేమ వసతిగృహాలలో చదువుకుని పైకి వచ్చినవారు ఇది చదివేవారిలోనే ఉండి ఉంటారు. ఊళ్ళో బడి లేకపోతే, ఇంట్లో గింజలు లేకపోతే, తల్లి కళ్ళు తుడుచుకుని పిల్లవాణ్ణి హాస్టలుకు పంపింది. కాని హాస్టలు రిజిస్టరులో తండ్రి పేరు తండ్రి పేరుగానే ఉంది. దసరాకు, సంక్రాంతికి పిల్లవాడు పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చాడు. నెలకోసారి నాన్న సంచిలో జంతికలు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. అదే పిల్లవాణ్ణి, అదే పేదరికంలో, అదే చదువుకోసం అనాథాశ్రమానికి పంపితే ఏమవుతుందో ఆలోచించండి. నాన్న గేటు దగ్గర నిలబడితే చందా ఆగిపోతుంది. కాబట్టి నాన్న రాకూడదు. హాస్టలుకూ అనాథాశ్రమానికీ మధ్య ఉన్న తేడా అన్నంలోనూ లేదు, మంచాలలోనూ లేదు. ఆ సంచిలో ఉంది.

*

"ఐనా కడుపునిండా తిండి, మంచి బడి దొరుకుతున్నాయి కదా, అబద్ధమే ఐనా పిల్లవాడికి మేలే కదా" అని వాదించేవారున్నారు. నిజాయితీగా అడిగే ప్రశ్నే. దీనికి రుమేనియా నుంచి సమాధానం ఉంది.

జనాభా పెంచాలన్న పట్టుదలతో చౌషెస్కూ ప్రభుత్వం 1966లో గర్భస్రావాలను నిషేధించింది. పోషించలేని తల్లిదండ్రులు పిల్లలను ప్రభుత్వ శరణాలయాలలో వదిలారు. 1989 డిసెంబరులో ఆ ప్రభుత్వం కూలేనాటికి వాటిలో లక్షమందికి పైగా పిల్లలు ఉన్నారు. వారిలో చాలామందికి తల్లిదండ్రులున్నారు. 2000లో చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు బుకారెస్టులో ఒక పరిశోధన మొదలుపెట్టారు. శరణాలయాలలో ఉన్న 136 మంది పసిపిల్లలను తీసుకుని, చీటీ వేసినట్టుగా సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపి, మిగిలిన సగంమందిని మామూలుగా జరిగే ఏర్పాట్లకే వదిలి, వారి ఎదుగుదలను ఏళ్ళతరబడి చూశారు. 2007లో సైన్స్ పత్రికలో ఫలితాలు వెలువడ్డాయి. కుటుంబాలకు వెళ్ళిన పిల్లలలో తెలివితేటల ఎదుగుదల మెరుగ్గా ఉంది. అందులోనూ రెండేళ్ళు నిండకముందే వెళ్ళినవారు ఎక్కువ కోలుకున్నారు. ఆలస్యమైన కొద్దీ కోలుకోవటం కష్టమైంది. 2004లో రుమేనియా చట్టం చేసి, రెండేళ్ళలోపు పిల్లలను శరణాలయంలో పెట్టటాన్ని, తీవ్రమైన వైకల్యం ఉన్నవారి విషయంలో తప్ప, నిషేధించింది.

కారణం తిండి ఒక్కటే కాదు. పూటకొక ఆయా మారే చోట పిల్లవాడికి "నా మనిషి" అంటూ ఎవరూ ఉండరు. ఏడిస్తే ఎవరో ఒకరు వస్తారు, లేదా ఎవరూ రారు. ఆ పెంపకంలో కనబడే ఒక లక్షణాన్ని నిపుణులు ఎప్పుడో గుర్తించారు. కొత్తవారెవరు కనబడినా బెదురు లేకుండా వచ్చి ఒళ్ళో ఎక్కి కూర్చోవటం, చేయి పట్టుకుని వదలకపోవటం. ఇంట్లో పెరిగిన మూడేళ్ళ పిల్ల కొత్తవారిని చూసి అమ్మ కొంగు వెనక దాక్కుంటుంది. దాక్కోవటానికి కొంగు లేని పిల్ల కొత్తవారి మీదికే దూకుతుంది.

ఇప్పుడు మన సెలవుల సేవను తలచుకోండి. "మమ్మల్ని చూడగానే పిల్లలు ఎలా అల్లుకుపోయారో, మేము బయలుదేరుతుంటే ఎలా ఏడ్చారో" అని తిరిగి వచ్చినవారు కళ్ళనీళ్ళతో చెబుతారు. ఆ అల్లుకుపోవటమే గాయం. మనం దాన్ని ప్రేమ అనుకుని ఫొటో తీసుకుంటున్నాం. రెండు వారాలకొక కొత్త అక్కా కొత్త అన్నా వచ్చి, ముద్దుచేసి, చెయ్యి ఊపి వెళ్ళిపోతుంటే, మనుషులంటే వెళ్ళిపోయేవాళ్ళని ఆ పిల్ల ఏడాదికి పాతికసార్లు నేర్చుకుంటోంది.

*

ఈ వాదమంతా విన్న మిత్రులొకరు "అయితే అన్నీ మూసేయమంటారా? ఇంట్లోనే నరకం చూసిన పిల్లలు లేరా? కన్నతండ్రే కాటేసిన పిల్లను మళ్ళీ ఆ ఇంటికే పంపుతారా?" అని సూటిగా అడిగారు. అడగవలసిన ప్రశ్న. నా సమాధానం: పంపను. అటువంటి పిల్లకు ఆ రాత్రికే ఒక సురక్షితమైన చోటు కావాలి. తలుపుకు గట్టి గడియా, మాట వినే మనిషీ, వైద్యురాలూ, న్యాయవాదీ ఉన్న చోటు కావాలి. అటువంటి ఇళ్ళు ప్రతి దేశంలోనూ ఉండాలి. ఈ భాగంలో నాకు ఏ మినహాయింపూ లేదు.

ఐతే, ఇంట్లో హింస చూసిన పిల్లను చేర్చుకునే ఇల్లు మామూలు దయతో నడిచేది కాదు. దెబ్బతిన్న పిల్లల దగ్గరికి వేటగాళ్ళూ చేరతారు. 2009 మేలో ఐర్లండులో ర్యాన్ కమిషన్ నివేదిక వెలువడింది. మతసంస్థలు నడిపిన పారిశ్రామిక పాఠశాలలలోనూ శరణాలయాలలోనూ దశాబ్దాల తరబడి పిల్లలను కొట్టారనీ, ఆకలితో మాడ్చారనీ, లైంగికంగా హింసించారనీ అందులో ఉంది. నడిపినవారు ఊరు నమస్కరించే మనుషులు. తనిఖీ చేయవలసిన విద్యాశాఖ ఆ పిల్లల మాట వినలేదు. పవిత్రుడని పేరుపడ్డవాడు, మూసిన తలుపు, నోరులేని పిల్ల: ఈ మూడూ ఒకచోట చేరితే ఏ దేశంలోనైనా, ఏ మతంలోనైనా జరిగేది ఇదే. పరదేశి నడిపే ఆశ్రమంలో నాలుగోది కూడా చేరుతుంది. ఆ పిల్ల గొంతెత్తినా దాతకు ఆ భాష అర్థం కాదు.

మరి సరిగా నడపటం అంటే ఏమిటి? చరిత్రలో నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ వార్సాలోనిది. యానుష్ కోర్చాక్ పిల్లల వైద్యుడు, రచయిత. 1912 నుంచి వార్సాలో క్రోఖ్‌మాల్నా వీధి 92వ నంబరు ఇంట్లో, స్టెఫానియా విల్చిన్‌స్కాతో కలిసి యూదుల అనాథపిల్లల గృహం నడిపాడు. 1942 ఆగస్టు మొదటివారంలో నాజీలు సుమారు 200 మంది పిల్లలను ట్రెబ్లింకాకు తరలించినప్పుడు, తప్పించుకునే అవకాశాలు వచ్చినా కాదని, పిల్లలతోపాటే రైలెక్కాడు. దానికి కొద్దిరోజుల ముందు, జూలై 18న, ఆ పిల్లలు ఘెట్టోలో మన రవీంద్రుని "డాక్‌ఘర్" నాటకం వేశారు. ఇంతవరకు చాలామందికి తెలుసు.

ఆయన మరణం ఎంత గొప్పదైనా, ఆశ్రమం నడపదలచినవారు నేర్చుకోవలసింది అంతకుముందు 30 ఏళ్ళు ఆయన నడిపిన తీరు నుంచి. ఆ ఇంట్లో పిల్లల న్యాయస్థానం ఉండేది. పిల్లలే న్యాయమూర్తులు. పిల్లవాడు పిల్లవాడి మీదా, పిల్లవాడు పెద్దల మీదా ఫిర్యాదు చేయవచ్చు. శిక్షాస్మృతిలో ఎక్కువ నిబంధనలు క్షమించటానికే. ఒక ఆరునెలల కాలంలో కోర్చాక్ తానే ఐదుసార్లు ఆ న్యాయస్థానం ముందు నిలబడ్డాడు. ఒక ఆడపిల్లను దొంగతనం చేసిందని అనుమానించినందుకు ఒకసారి. ఇల్లంతా తన పేరు మీద నడుస్తున్నవాడు, తాను పెట్టిన అన్నం తిన్న పిల్లల ముందు ముద్దాయిగా నిలబడ్డాడు. ధర్మకర్తను విచారించగల పిల్లలున్న చోట వేటగాడు ఎక్కువకాలం దాగలేడు. ఇవాళ నడుస్తున్న ఆశ్రమాలలో ఎన్నింట్లో ఒక పిల్ల నిర్వాహకుడి మీద బయటివారికి ఫిర్యాదు చేయగలదు?

*

మంచివారు నడిపే ఆశ్రమాలు కూడా పిల్లలను ఇళ్ళకు ఎందుకు పంపవు? దుర్మార్గం వల్ల కాదు, డబ్బు వచ్చే పద్ధతి వల్ల. చందాలు తలసరిన వస్తాయి. ఫలానా పిల్లకు ఫలానా దాత, ఏడాదికోసారి ఉత్తరం, పండుగకు ఫొటో. ఆ పిల్ల తల్లి దగ్గరికి వెళ్ళిపోయిన మరునెల ఆ చందా ఆగుతుంది. వంటమనిషి జీతం, భవనం అద్దె మాత్రం ఆగవు. అందువల్ల ఖాళీ అయిన మంచం నిర్వాహకుడికి బెంగ, నిండిన మంచం ఊరట. 40 మంది పిల్లలున్న ఆశ్రమం 80 మందికి పెరిగిందంటే దాతల సభలో చప్పట్లు. పదిమందికి తగ్గిందంటే ఏమైందని ఆరా. మనం చప్పట్లు కొట్టే చోటు మారనంత కాలం వాళ్ళు నడిపే తీరు మారదు.

పరదేశంలో ఇంకో చిక్కు ఉంది. పద్దెనిమిదేళ్ళు నిండాక ఏమిటి? హుమ్లా నుంచి ఐదేళ్ళప్పుడు వచ్చిన పిల్ల కాఠ్మండూలో ఇంగ్లీషు బడిలో చదివి, తన కొండభాష మరచిపోతుంది. ఊళ్ళో తన వాటా పొలం ఎవరి సాగులో ఉందో తెలియదు. పెళ్ళికి, చావుకు నిలబడే చుట్టం లేడు. నేపాల్లో పౌరసత్వ ధ్రువపత్రం లేనిదే బ్యాంకు ఖాతా, పాస్‌పోర్టు దొరకటం కష్టం. ఆ పత్రానికి తల్లిదండ్రుల ఆధారాలు కావాలి. కాగితం మీద తల్లిదండ్రులను చంపిన ఆశ్రమం, ఆ పిల్లను తన సొంత దేశంలోనే దిక్కులేనిదాన్ని చేసింది. అనాథ కాని పిల్లను తీసుకువచ్చి, పదమూడేళ్ళు పెంచి, చివరికి నిజమైన అనాథను చేసి వీధిలోకి పంపటం ఏ ధర్మం కిందికి వస్తుందో నాకు తెలియటం లేదు.

చట్టాలు నెమ్మదిగా ఐనా ఇటే నడుస్తున్నాయి. ఐక్యరాజ్యసమితి 2009లో ఆమోదించిన మార్గదర్శకాలు, పేదరికం ఒక్కటే కారణంగా పిల్లలను కుటుంబం నుంచి వేరుచేయకూడదన్నాయి. 2018 నాటి నేపాల్ బాలల చట్టంలో, బంధువులూ పెంపుడు కుటుంబాలూ కుదరనప్పుడే చివరి దారిగా శరణాలయం. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ, శరణాలయాలలో సేవాయాత్రల పేరిట జరిగే హానిని కూడా తన తీర్మానంలో ప్రస్తావించింది.

*

ఇంత చెప్పి "కాబట్టి ఇవ్వకండి" అంటే అది పిసినారికి ఊతమిచ్చినట్టవుతుంది. ఇవ్వండి. ఇచ్చేముందు నడిపేవారిని కొన్ని ప్రశ్నలు అడగండి.

ఒకటి, మీ దగ్గరున్న పిల్లలలో ఎంతమందికి తల్లో తండ్రో ఉన్నారు? ఆ విషయం ఎవరు, ఏ ఊరు వెళ్ళి, ఎలా తేల్చారు?

రెండు, పోయిన ఏడాది ఎంతమంది పిల్లలు ఇంటికో, బంధువుల దగ్గరికో, పెంపుడు కుటుంబానికో వెళ్ళారు? వెళ్ళిన తరువాత వారిని ఎవరు, ఎన్నిసార్లు చూసి వస్తున్నారు?

మూడు, పిల్లలను చూసుకునే ఆయాలు ఎన్నేళ్ళుగా ఉన్నారు? ఒక్కొక్కరికి ఎంతమంది పిల్లలు?

నాలుగు, పిల్లలకు ఏదైనా జరిగితే ఆశ్రమంతో సంబంధం లేని ఎవరికి, ఏ భాషలో చెప్పుకోగలరు?

ఐదు, మేము వచ్చి పిల్లలతో రెండు రోజులు గడపవచ్చా?

ఐదో ప్రశ్నకు "తప్పకుండా రండి" అన్న ఆశ్రమాన్ని అనుమానించండి. "క్షమించండి, పిల్లలను చూడటానికి అనుమతించం, లెక్కలు చూడండి, మా సిబ్బందితో మాట్లాడండి" అన్నవారికి నిస్సంకోచంగా ఇవ్వండి. మీ ఇంటికి వారం వారం కొత్త మనుషులు వచ్చి మీ పిల్లతో ఫొటో దిగుతామంటే మీరేమంటారో వాళ్ళూ అదే అన్నారు.

సొంతంగానే నడపదలచుకుంటే, పిల్లలున్న ఊరికి దగ్గరగా వెళ్ళండి. ఊళ్ళో బడి, మధ్యాహ్నపు భోజనం, విధవరాలికి రెండు మేకలో ఒక కుట్టుమిషనో, అమ్మమ్మకు నెలకు కొంత బియ్యం, పగటిపూట పసిపిల్లలను చూసే చోటు. ఇవి ఉంటే ఇల్లు విడిచి రావలసిన పిల్లలు ఎంతమంది తగ్గుతారో చూడండి. వీటికి ప్రారంభోత్సవం ఉండదు, గోడమీద పేరు ఉండదు. నిజంగా ఇంట్లో ఉండలేని పిల్లలకోసం మాత్రం చిన్న ఇల్లు పెట్టండి, ఆ దేశపు మనుషులచేతనే నడిపించండి, ఆ దేశపు న్యాయస్థానానికి జవాబుదారీగా ఉంచండి.

ఇక చివరిగా మనింటి అలవాటు గురించి ఒక మాట. పిల్లవాడి పుట్టినరోజుకు అనాథాశ్రమంలో భోజనాలు పెట్టించటం మన ఊళ్ళలో ఎంత మంచి ఆచారమైపోయిందో మీకు తెలుసు. కేకు కోస్తాం. తన పుట్టినరోజు ఎప్పుడో తెలియని పిల్లవాడు వరుసలో నిలబడి, ముక్కూ ముఖమూ తెలియని పిల్లవాడికి పాట పాడతాడు, చప్పట్లు కొడతాడు, తరువాత అన్నం తింటాడు. మళ్ళీ ఆదివారం ఇంకొకరి పుట్టినరోజు. ఆ అన్నం అవసరమే. ఆ పాట అవసరమా? డబ్బు పంపి, వంటవాడికి చెప్పి, మనం వెళ్ళకుండా ఉండలేమా? మన పిల్లవాడికి దయ నేర్పటానికి ఇంకొక పిల్లవాణ్ణి పలకగా వాడుకోవటం నాకు మింగుడుపడటం లేదు.

"దిక్కులేనివాడికి దేవుడే దిక్కు" అని సామెత. ఆ దిక్కు మనమే అవుదామన్న తొందరలో, వాడికి ఉన్న దిక్కును మనమే చెరిపేయకుండా చూసుకుంటే చాలు. పరదేశంలో ఇటువంటి ఇళ్ళలో పనిచేసినవారు, నడిపినవారు, అక్కడ పెరిగినవారు ఎవరైనా ఇది చదివితే మీ అనుభవం వ్రాయండి. నా మాటకు విరుద్ధంగా ఉంటే మరీ తప్పకుండా వ్రాయండి.